బెల్టు మార్చినాక ఆగిన బండి

నా షెడ్డులో బాగుచేసిన బండి అదే జబ్బుతో తిరిగి రావడం ఇరవై ఎనిమిదేళ్లలో రెండేసార్లు జరిగింది. రెండుసార్లూ తప్పు నాది కాదు. బళ్లారిలో కంటోన్మెంట్ వైపు ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. చెప్పకపోతే నేనే చెబుతాను. అందుకే కప్పగల్లు కేశవ తన తెల్లబండిని టిప్పరుకు తాడేసి ఈడ్పించుకొచ్చి నా వాకిట్లో నిలబెట్టి, టీకొట్టు దగ్గరున్న పదిమందీ వినేట్టు గొంతెత్తినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వు బెల్టు మార్చినాకనే ఇది చచ్చింది చెన్నప్పా. అంతకుముందు ఒక్క దినమన్నా నిలబడిందా? నువ్వే చెప్పు."

"కాకి వాలింది, తాటిపండు పడింది. తప్పు కాకిదేనా?" అన్నాను.

"నాకు సామెతలు బేడప్పా. గాడి కావల్ల." కేశవ నోట కన్నడం ఎక్కువ, బండిని గాడి అంటాడు.

టైమింగ్ బెల్టంటే తెలియనివాళ్లకు చెబుతాను. ఇంజన్లో కింద పిస్టన్లు లేచి పడుతుంటాయి, పైన వాల్వులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. రెండింటినీ ఒకే తాళంలో నడిపించేది పళ్లున్న రబ్బరు పట్టీ ఒకటి. అది ఒక్క పన్ను అటో ఇటో ఎక్కిందా, ఇంజన్ దగ్గుతుంది, పొగ కక్కుతుంది. తెగిందా, పిస్టన్ పోయి వాల్వును గుద్దుతుంది, ఇంక ఆ ఇంజన్ పాత ఇనుపసామాన్ల కొట్టుకే. లక్షన్నర కిలోమీటర్లు తిరిగింది, బెల్టు మార్చాలి అని కేశవకు చెప్పింది నేనే. పది రోజుల కిందట మార్చిందీ నేనే. కాబట్టి లోకం నన్ను అనడంలో వింతేమీ లేదు.

"యాడ నిలబడింది?" అని అడిగాను.

"దోణిమలై దోవలో. మా ఎర్రచేను ఇంకా రాకముందే రోడ్డు కొత్తగా తిప్పినారు చూడు, ఆ మలుపు కాడ. దగ్గలేదు, వణకలేదు. ఊరికే ఆగిపోయింది." కేశవ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "శుక్రవారం మా నాయన దినం. అమ్మను సమాధి కాడికి తీసకపోవల్ల. పోయినేడు ఎడె పెడితే కాకి ముట్టలేదని, ఆ దినం నుంచి రాత్రిపూట అన్నం తినేది ఇడిసిపెట్టింది. ఈసారి ఆయప్ప తిన్నంకనే లేస్తా, ల్యాకుంటే ఆడ్నే ఉండిపోతా అంటాండాది. డెబ్బై ఆరేండ్ల మనిషి."

"నీకు ఇంకో బండి లేదా?"

"రెండుండాయి. ఇదే కావల్లంట. మీ నాయన చేను ఇచ్చిన గాడి, దీన్ని ఆయన చూడవల్ల అంటాది."

మా వైపు రైతులు చాలామంది తమవాళ్లను తమ చేనిలోనే పూడుస్తారు. ఏటా పోయిన రోజున ఆ మనిషికి ఇష్టమైనది వండుకుపోయి సమాధి మీద పెడతారు. అదే ఎడె. కాకి ముడితే పెద్దాయన తిన్నట్టు, ముట్టకపోతే ఏదో లోటు జరిగినట్టు. కేశవ వాళ్ల నాయన రామసుబ్బాను అలాగే ఎర్రచేనిలో పూడ్చారు. చైనావాడు ఆటల పోటీలకని నగరాలు కట్టుకుంటున్న ఆ రోజుల్లో, వానకు జొన్న కూడా సరిగ్గా పండని ఆ చేనిలో మూరెడు లోతున ఇనుపరాయి దొరికింది. కేశవ సమాధిని చేని చివరికి మార్పించి, పాలరాయి పరిపించి, మిగతా చేనంతా తవ్వించాడు. రాయి టిప్పర్లలో రేవుకు పోయింది, రేవు నుంచి ఓడల్లో చైనాకు పోయింది. కేశవ ఇంటి ముందుకు మూడు బండ్లు వచ్చాయి. నాకు కుళ్లు లేదని చెప్పను.

ఆ సాయంత్రమే ఇంజన్ పక్క కవరు విప్పాను. ఆడలేక మద్దెల ఓడు అనే రకం కాను నేను. ముందు నా పనినే అనుమానించాను. కింది చక్రం గుర్తు గీత మీదే ఉంది. పై చక్రం గుర్తు గీత మీదే ఉంది. డీజిల్ పంపుదీ అంతే. పానా వేసి ఇంజన్‌ను చేత్తో నిండుగా రెండు చుట్లు తిప్పితే, మూడు గుర్తులూ బడిపిల్లల్లా వచ్చి తమ చోట్లో నిలబడ్డాయి. బెల్టు బిగువు సరిగ్గా ఉంది. ఫిల్టరులో నీళ్లు లేవు, పైపులో గాలి లేదు. తాళం తిప్పగానే బండి లేచింది. గంటసేపు ఆడించాను, ఒక్కసారి కూడా తడబడలేదు.

మరునాడు కేశవ డ్రైవరు మౌనేష్ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఈ బండి పట్టకముందు, పోయిన నెల దాకా, కేశవ చేనిలోనే మట్టి తవ్వే పెద్ద యంత్రం నడిపేవాడు. మాట తక్కువ. దోణిమలై దాకా పోయి రమ్మని బండి ఇచ్చి పంపితే రెండు గంటలకు ఫోన్ చేశాడు.

"మేస్త్రీ, నిలబడిపోయింది."

"యాడ?"

"ఆడ్నే."

మళ్లీ తాడు, మళ్లీ టిప్పరు, మళ్లీ టీకొట్టు దగ్గర నవ్వులు. ఈసారి పక్క వీధి ఎలక్ట్రీషియన్ గాళెప్ప దగ్గర కంప్యూటరు మిషను తెచ్చి పెట్టి చూశాను. కింది చక్రం దగ్గరుండే సెన్సార్ మాట రావడం లేదని చూపించింది. వేలెడంత ముక్క అది, కొసన అయస్కాంతం ఉంటుంది. ఇంజన్ తిరుగుతోంది అని బండి కంప్యూటరుకు కబురు చేసేది అదే. అది మూగబోతే ఇంజన్ ఆగిందనుకుని కంప్యూటరు డీజిల్ కట్టేస్తుంది. బయటికి తీసి చూస్తే దాని కొసన ఎర్రటి దుమ్ము గడ్డంలా పట్టి ఉంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఊళ్లో ముక్కు చీదినా ఎర్రగానే వస్తుంది, అయస్కాంతానికి ఇనుపదుమ్ము పట్టకుండా ఎలా ఉంటుంది? బెల్టు మార్చేటప్పుడు కవరు రబ్బరు ఎక్కడో నలిగి సందు ఇచ్చి ఉంటుంది. ఆ మేరకు తప్పు నాదేనని నాలో నేను ఒప్పుకున్నాను, బయట ఒప్పుకోలేదు. కొత్త సెన్సార్ వేశాను, కొత్త రబ్బరు వేశాను. బుధవారం మౌనేష్‌ను పక్కన కూర్చోబెట్టుకుని నేనే నడుపుకుంటూ పోయాను. వాడే కావాలని ఆపుతున్నాడేమోనని నాకొక అనుమానం.

మిట్టమధ్యాహ్నం. ముందొక టిప్పరు, వెనకొక టిప్పరు, మధ్యలో మేము. మలుపు దగ్గర రోడ్డు చుట్టూ ఉన్న నేల కంటే నిలువెత్తున లేచి ఉంది. పల్లాన్ని మట్టి పోసి పూడ్చి, రోలరు తొక్కించి, పైన కంకర పరిచారు. ముందు టిప్పరు నలభై టన్నుల రాయితో దాని మీదే దడదడమంటూ పోయింది. మా ముందు చక్రాలు ఆ మట్టి మీదికి ఎక్కాయి.

ఇంజన్ ఆగిపోయింది. దీపాన్ని చేత్తో ఆర్పినట్టు ఆగింది. స్టీరింగు రాయిలా బిగుసుకుంది. మౌనేష్ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, దేన్నీ ముట్టలేదు. వెనక టిప్పరువాడు బూతులు తిడుతూ మమ్మల్ని తప్పించుకుని పోయాడు. ఆ మోత తగ్గాక కిందికి చూస్తే, మా బండి టైర్లు నాలుగు వేళ్ల లోతు దిగబడి ఉన్నాయి. వాన పదునులో దున్నిన చేనిలో దిగబడినట్టు. పక్కనే అంత బరువు టిప్పరు పోయిన చోట గీత కూడా లేదు.

"దిగు, ఎనక్కు నూకుదాము" అన్నాను.

మౌనేష్ తలుపు తీసి, ముందు చెప్పులు విడిచి బండిలోనే పెట్టి, ఉత్తకాళ్లతో ఆ కాలే కంకర మీద దిగాడు.

"చెప్పులు యాటికి ఇడిసినావురా?"

"ఊరికే మేస్త్రీ."

"రోడ్డు మీద చెప్పులిడిసే మొగోన్ని నిన్నే చూస్తాండా. గుడి ఉండాదా ఈడ?"

వాడు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. బండిని ఇరవై అడుగులు వెనక్కి, పాత రోడ్డు మీదికి నెట్టి తాళం తిప్పాను. ఏమీ ఎరగనట్టు లేచింది. ముందుకు పోనిచ్చాను. మలుపు మట్టి మీదికి ఎక్కగానే ఆగింది. మూడోసారి కూడా అంతే. అప్పుడు నాకు భయమేసింది. ఇంజన్ల గురించి నాకు తెలియనిది తక్కువ, భయపడింది ఇంకా తక్కువ. ఆ పట్టపగలు, అంత ఎండలో, ఎవరో కింద పడుకుని మా చక్రాలను పట్టుకుంటున్నట్టు అనిపించింది.

కేశవకు ఫోన్ చేసి, వేరే బండిలో తీసుకుపో అన్నాను.

"అమ్మ వినదు. శుక్రవారం నువ్వే నడుపు. అది నిలబడిందంటే, నీ షెడ్డుకు బళ్లారిలో సైకిలు కూడా రాకుండా చేస్తా."

"నీ అబ్బ సొత్తా నా షెడ్డు?" అని ఫోన్ పెట్టేశాను గానీ, గురువారమంతా ఆ బండి కిందే ఉన్నాను. సెన్సార్‌కు, దాని వైరు ప్లగ్గుకు గ్రీజు పూసి టేపు చుట్టాను. చీమ కాదు, చీమ ఊపిరి కూడా దూరదు అనిపించాక లేచాను.

శుక్రవారం పొద్దున పదింటికి కప్పగల్లులో అందరినీ ఎక్కించుకున్నాను. కేశవ వాళ్లమ్మ యశోదమ్మ సన్నటి మనిషి. ఒళ్లో గుడ్డ కట్టిన స్టీలు గిన్నె పెట్టుకుని వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. ఆమె పక్కన కేశవ, నా పక్కన మౌనేష్. బండి నిండా జొన్నరొట్టె, వెల్లుల్లి కారం వాసన.

"పుంటికూర కూడా చేసినా" అందామె నాతో, నేను అడగకుండానే. "ఆయప్పకు పుల్లగా ఉండవల్ల. పోయినేడు ఎందుకు ముట్టలేదో చెన్నప్పా. నేనేం తక్కువ చేసినానో తెలీదు. ఈ పొద్దు అడుగుతా. చెప్పేదాకా లేయను."

"కాకికి ఆకలి ల్యాక ఉంటుంది లేమ్మా" అన్నాడు కేశవ కిటికీ బయటికి చూస్తూ.

దోణిమలై కొండలు కనబడుతున్నంతసేపూ బండి చక్కగా పోయింది. నేను మనసులో ఆంజనేయస్వామికి టెంకాయ మొక్కాను. మలుపు వచ్చింది. చక్రాలు మట్టి మీదికి ఎక్కాయి. అంతే, ఆగిపోయింది.

మౌనేష్ చెప్పులు విడిచాడు. నేను దిగి బానెట్ ఎత్తి, చెయ్యి దూర్చి టేపు కోసి, సెన్సార్‌ను వైరుతో సహా బయటికి లాగాను. నిన్న టేపు చుట్టిన కొత్త ముక్కకు మళ్లీ ఎర్రటి గడ్డం. గ్రీజు పూసిన ప్లగ్గు లోపల కూడా దుమ్ము. అది ఎటు నుంచి దూరిందో ఇప్పటికీ నాకు తెలియదు. అలవాటు కొద్దీ నోటితో ఉఫ్ అని ఊదాను. దుమ్ము పెదాల మీద పడింది.

"థూ, ఉప్పు ఏందప్పా ఈడ?" అని గట్టిగానే అన్నాను.

యశోదమ్మ తలుపు తీసుకుని దిగింది. గిన్నె చంకలో పెట్టుకుని నెమ్మదిగా నా దగ్గరికి వచ్చింది. "ఏదీ" అని చెయ్యి చాపింది. సెన్సార్ కొసనున్న దుమ్మును ఆమె అరచేతిలో రాల్చాను. ఆమె దాన్ని బొటనవేలితో నలిపింది. రైతు ఆడమనిషి మట్టిని నలిపి చూడటం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, పదునుందో లేదో అలాగే చూస్తారు. ఎర్రటి పొడిలో తెల్లటి నలుసులు ఉన్నాయి. ఆమె చిటికెడు నాలుక మీద వేసుకుంది.

"ఇది కొండ మట్టి కాదు. మా చేనిది" అంది. తర్వాత తెల్లటి నలుసులను వేలితో పక్కకు జరిపింది. "ఈ తెల్లది సున్నం. ఏటా ఉగాదికి సమాధికి నేనే కొడతా ఉంటి. గుంతలో దించినాక ఆయప్ప మీద రెండు మూటలు ఉప్పు పోసినాము. ఒక మూట నా చేతుల్తోనే పోసినా." ఆమె వెనక్కి తిరిగింది. "మౌనేషా, ఈడికి మట్టి యాడనుంచి తెచ్చి పోసినారు?"

మౌనేష్ ఏడవడం మొదలుపెట్టాడు. అంత మనిషి, ఉత్తకాళ్లతో నిలబడి, చిన్నపిల్లాడిలా వెక్కాడు.

"నోరు ముయ్‌రా" అన్నాడు కేశవ బండిలోనుంచి.

"నువ్వు ముయ్యి" అంది యశోదమ్మ. "చెప్పు నాయనా."

"కేశవ ధణి మార్చమనే చెప్పినాడవ్వా. ఎముకలు గుడ్డలో కట్టి చేని కొసకు తీసకపోదామన్నాడు. ఆ దినం పద్నాలుగు టిప్పర్లు లైనులో ఉండె. రేపు చూద్దాంలే, ముందు లోడు కానీ అన్నాడు. తెల్లారి చూస్తే సమాధి యాడుండెనో తెలీలేదు. నా మిషను బకెట్టులోనే వచ్చేసి ఉండాది. రాయి ఏరుకున్నారు. మట్టి, ఇటుకలు, సున్నం కుప్పేసినారు. ఆ కుప్పనే పోయిన నెల ఈ మలుపుకు పోసినాము. నేనే పోసినా అవ్వా."

"మలుపు ఎప్పుడు తెరిచినారు?" అని అడిగాను. ఆ సమయంలో అడగవలసిన మాట కాదు, కానీ నోరు ఆగలేదు.

"మీరు బెల్టు మార్చిన మరుసటి దినం."

తప్పు నా బెల్టుది కాదని తేలిపోయింది. టీకొట్టు దగ్గర పదిమంది ముందు చెప్పుకోవలసిన మాట. నాకు సిగ్గేసింది.

"ఆ పాలరాయి కింద?" అని అడిగింది యశోదమ్మ.

"ఏమీ లేదవ్వా."

"ఉత్త రాయికి పెట్టినానా అన్నం" అంది ఆమె. ఇంకెవరితోనూ కాదు, తనలో తాను అన్నట్టు. తర్వాత రోడ్డు మధ్యకు పోయి, మట్టి మీద కంకర చేత్తో పక్కకు నెట్టి, కూర్చుంది. గుడ్డ విప్పి రొట్టె, పుంటికూర, కారం, ఒక బీడీకట్ట వరుసగా పెట్టింది. రెండు వైపులా టిప్పర్లు వచ్చి నిలబడ్డాయి. హారన్లు మొదలయ్యాయి. ముందున్న టిప్పరువాడు తల బయటపెట్టి తిట్టబోయి, ఎడె చూసి నోరు మూసుకున్నాడు. వెనకున్నవాళ్లకు అది కనబడదు కదా, వాళ్లు కొడుతూనే ఉన్నారు.

కేశవ దిగి వచ్చాడు. ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. "అమ్మా, లెయ్. జనం చూస్తాండారు. తవ్విస్తా. ఎంతయినా కానీ, ఈ మట్టంతా తీపిచ్చి ఎతికిస్తా."

"ఎట్ల ఎతుకుతావు? రాయితో కలిసి పోయింది ఎంతో, ఈడ పడింది ఎంతో. సగం మనిషి చైనాకు పోయినాడేమో."

"అమ్మా, లెయ్ పోదాం" అని కేశవ గాబరాగా బండి దగ్గరికి పరుగెత్తి, స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పాడు.

బండి స్టార్ట్ అయింది.

సెన్సార్ నా చేతిలో ఉంది. వైరు బయట వేలాడుతోంది. ఆ ముక్క లేకుండా ఆ ఇంజన్ లేవదు. ఇరవై ఎనిమిదేళ్ల పనిమీద ఒట్టేసి చెబుతున్నాను, లేవదు. అది లేచి, బెల్టు మార్చిన రోజు ఎలా ఆడిందో అలాగే, ఒకే తీరుగా ఆడుతోంది. నేను బానెట్ మీద చెయ్యి వెయ్యలేకపోయాను. మౌనేష్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎక్కమ్మా" అని కేశవ లోపలి నుంచి పిలిచాడు. "అయిపోయింది. గాడి లేచింది. ఎక్కు."

యశోదమ్మ అక్కడి నుంచే బండిని చూసింది, దాని ముందు రోడ్డును చూసింది, వెనక రోడ్డును చూసింది.

"ముందుకు పోనిస్తే ఆయన మీదే పోవల్ల. ఎనక్కు పోనిస్తే ఆయన మీదే పోవల్ల. నేనెక్కను."

కేశవ ఇంజన్ ఆపలేదు. ఆపితే మళ్లీ లేవదని భయమో, ఆపడానికే భయమో నాకు తెలియదు. దిగి వచ్చి తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ప్యాంటు ఎర్రగా అయింది. ఆమె వాడి తల మీద చెయ్యి వేసింది, జుట్టులో దుమ్ము దులిపింది. కోపంతో అడగలేదు. పెళ్లికి ఎప్పుడు బయలుదేరుదాం అని అడిగినట్టు, మామూలుగా అడిగింది.

"నేను పోయినాక నన్ను ఏ రోడ్డుకు పోస్తావు కేశవా?"

టిప్పర్లు హారన్లు కొడుతూనే ఉన్నాయి.